అమ్మ ఎంసీఆర్ చెప్పులు: ఆరు నెలలు వాడాక

నమస్తే అండి. ఇవిగో, అమ్మ ఆరు నెలలుగా వేసుకుంటున్న ఎంసీఆర్ చెప్పులు. ఎంసీఆర్ అంటే మైక్రో సెల్యులార్ రబ్బరు. షుగర్ వల్లో, కుష్టు వల్లో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లని డాక్టర్లు వేసుకోమనే చెప్పులివి.

ఎందుకు కొన్నానో చెప్తాను. అమ్మకి షుగర్ వచ్చి 14 ఏళ్లు. ఒకరోజు చెప్పు విప్పితే అరికాల్లో గుండుసూది దిగి ఉంది. నెత్తురు కూడా కారింది, అమ్మకి తెలియనే లేదు! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డాక్టరు గారు 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో, అంటే 10 గ్రాముల బరువంత ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ పోగుతో, అరికాలంతా తాకించి చూశారు. పోగు వంగేదాకా నొక్కినా బొటనవేలి కింద ఏమీ తెలియలేదు.

ఇప్పుడు చెప్పులు చూడండి. పైపొర నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. ఈ మెత్తదనం, రబ్బరు గట్టిదనాన్ని కొలిచే షోర్ స్కేలు మీద 15 దగ్గర ఉండాలి. అప్పుడే ఒంటి బరువు ఒక్కచోటే పడకుండా అరికాలంతా సర్దుకుంటుంది. కింద సోల్ గట్టిది, ముల్లు అంత తేలిగ్గా దిగదు. మేకులు కొట్టలేదు, అతికించి కుట్టారు. వెనక పట్టీ తప్పకుండా ఉండాలండి. స్పర్శ లేని కాలికి చెప్పు జారిపోయినా తెలియదు.

నచ్చనివీ ఉన్నాయి. నాలుగో నెలకే వెల్‌క్రో పట్టు వదిలేసింది. మడమ దగ్గర రబ్బరు అణిగింది, ఇదిగో, నొక్కినా లేవట్లేదు. ఇలా అయితే పైకి ఎంత కొత్తగా ఉన్నా మార్చేయాల్సిందే. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, సైజు సరిగ్గా తెలుస్తుంది.

చెప్పులు ఉన్నాయి కదా అని ఊరుకోలేదు. తిమ్మిర్లని వేడినీళ్ల కాపడం మానిపించాను, కాలినా తెలియదు కాబట్టి. ఆనెలకి మందుల షాపులో దొరికే ప్లాస్టర్లూ వద్దన్నాను, వాటిలోని సాలిసిలిక్ యాసిడ్ చర్మాన్ని తినేస్తుంది. గుడికి చెప్పుల్లేకుండానే వెళ్లాలి కాబట్టి, బండలు కాలకముందే తెల్లవారుజామున తీసుకెళ్తున్నాను.

రోజూ రాత్రి ఫోన్ లైటు వేసి అమ్మ అరికాళ్లు, వేళ్ల సందులు చూస్తాను. నిన్న చిటికెనవేలి పక్కన ఎర్రగా కమిలి ఉంది. ఇదిగో, ఈ పట్టీ అంచే ఒరుసుకుంటోంది. ఈ జత పక్కన పెట్టేశాను. రేపు పొద్దున్నే అమ్మని డాక్టరు గారికి చూపించి, అటునుంచే కొత్త జతకి కొలతలు ఇవ్వడానికి వెళ్తున్నాం.