ఎండిపోతున్న బోరుకి ఇంకుడు గుంత: ఒండ్రుని ఎలా ఆపాలి?

నమస్కారం అండి. ఇవాళ వాన నీళ్లని బోరులోకి ఎలా ఇంకించాలో చూద్దాం. ఇదిగో, ఇదే బోరు.

ముందు చిన్న లెక్క. ఒక చదరపు మీటరు చోట 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. అంటే 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిస్తే 60,000 లీటర్లు! కొంత వృథా పోయినా బోలెడు మిగులుతుంది. కరువు ప్రాంతమంటే వానే పడదని కాదండి. పడేదంతా కొద్ది రోజుల్లోనే పడి, పారి వెళ్లిపోతుంది. ఆ నీళ్లనే మనం ఆపాలి.

సరే, గుంత. కేసింగ్, అంటే బోరులో దింపిన పైపు, మధ్యలోకి వచ్చేలా 2 మీటర్ల పొడవు, 2 వెడల్పు, 3 లోతు. తవ్వడం మీకు తెలిసిందే, ఇక్కడ వీడియో స్పీడ్ పెంచేస్తున్నాను. మట్టి వదులుగా ఉంటే మాత్రం అంచులు విరిగిపడతాయి, ఒంటరిగా దిగకండి.

ఇప్పుడు కేసింగ్‌కి రంధ్రాలు. మోటారు, కేబుల్ ముందే పైకి తీసేయండి. గుంతలో ఉన్న కేసింగ్‌కి కింది భాగంలోనే, ఇదిగో ఇలా. పైభాగాన్ని ముట్టుకోవద్దు, అక్కడ రంధ్రం ఉంటే వడకట్టని నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. రంధ్రాలు పెట్టిన భాగం మీద నైలాన్ మెష్ చుట్టి గట్టిగా కట్టేయాలి. నేను రెండు చుట్లు చుడతాను.

నింపడం సులువే. అడుగున పెద్ద రాళ్లు, తర్వాత 40 ఎంఎం కంకర, ఆపైన 20 ఎంఎం, మళ్లీ ఒక మెష్, దాని మీద దొడ్డు ఇసుక. ఆ మెష్ లేకపోతే ఇసుక కంకరలోకి జారిపోతుంది.

ఇప్పుడు కాస్త నిదానంగా చూడండి. నా మొదటి గుంత పాడైంది ఇక్కడే. చేలో పారే నీళ్లని నేరుగా గుంతలోకి వదిలేశాను. రెండు వానలకే ఇసుక మీద వేలి మందాన ఒండ్రు పేరుకుపోయింది. నీళ్లు రోజుల తరబడి గుంతలోనే నిలిచిపోయాయి. చాలా బాధేసింది. గుంతలో తప్పేమీ లేదు, దాని ముందు ఒండ్రు తొట్టి కట్టకపోవడమే తప్పు.

అందుకే ఈ తొట్టి. నీళ్లు ఈ మూల నుంచి వస్తాయి, ఎదురు మూల నుంచి పోతాయి. పక్కపక్కనే పెడితే ఒండ్రు దిగే టైమే ఉండదు. బయటికి పోయే పైపు అడుగు నుంచి ఇంత ఎత్తులో ఉండాలి, చూడండి, ఇంత. నీటి జోరు తగ్గితే ఒండ్రు అడుగుకి చేరుతుంది, పైన తేరిన నీళ్లే గుంతలోకి వెళ్తాయి. మళ్లీ చెప్తున్నా, పైపు అడుగున పెట్టొద్దు. వాటం చూడటానికి నాకైతే మేస్త్రీలు వాడే లెవల్ ట్యూబే ఇష్టం. పారదర్శకమైన పైపులో నీళ్లు పోస్తే చాలు, రెండు చివర్లా ఒకే మట్టం చూపిస్తుంది. ఫోన్ యాప్ కంటే దాన్నే నమ్ముతాను.

ఇంకోటి. పశువుల కొట్టం నీళ్లు, ఎరువులు, పురుగు మందులు చల్లిన చేను నీళ్లు ఇందులోకి వదలకండి. ఇది నేరుగా భూగర్భంలోకే దారి. తాగే నీళ్ల బోరైతే కప్పు మీది నీళ్లు మాత్రమే, అదీ మొదటి వాన నీళ్లు బయటికి పోనిచ్చాక. ఏటా వానాకాలం ముందు తొట్టిలో ఒండ్రు ఎత్తేసి, ఇసుక పై పొర గీకి మార్చండి.

బోరులో నీటి మట్టం కొలవాలంటే మోటారు కొన్ని గంటలు ఆపి, బరువు కట్టిన టేపు దించండి. వానలకి ముందొకసారి, తర్వాతొకసారి, ఒకే పుస్తకంలో రాసుకోండి.

ఇదిగో, నీళ్లు వదులుతున్నాను. తొట్టిలోకి వచ్చేవి ఎర్రగా, బురదగా ఉన్నాయి కదా? ఇటు పైపు దగ్గర చూడండి, ఎంత తేరుకున్నాయో!