తప్పటడుగుల టైమింగ్

సభలోని పెద్దలకు, చేతితో బొమ్మలు గీసి వాటిని కదిలించడం నేర్చుకుంటున్న విద్యార్థులకు నమస్కారం.

నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో, ఒక చిన్నపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి సంతోషం పట్టలేక రెండు గెంతులు గెంతే సన్నివేశాన్ని నాకు అప్పగించారు. వారం రోజులు కూర్చుని గీశాను. పెద్ద కళ్లు, ఉబ్బిన బుగ్గలు, గాలికి ఎగిరే రెండు పిలకలు, ముద్దొచ్చే బొమ్మకు ఏమేమి కావాలని అప్పట్లో అనుకునేవాణ్ణో అవన్నీ అందులో ఉన్నాయి. మా పర్యవేక్షకుడు కాగితాల కట్టను చేతిలోకి తీసుకుని ఒకసారి ఫ్లిప్ చేసి చూశారు. “గీత బాగుంది కాని, ఇది పిల్ల కాదయ్యా, పొట్టి పెద్దమనిషి” అని కట్ట తిరిగి ఇచ్చేశారు. ఆ పూటకు నొచ్చుకున్నాను. ఆయన అన్నది ఎంత నిజమో తెలియడానికి మాత్రం ఏళ్లు పట్టింది. పిల్లల ఆటలోని ముద్దుతనాన్నే పట్టుకోవాలని కూర్చుంటే అది చేతికి చిక్కదు. ఆ చిన్న శరీరపు బరువును, ఆ బరువును మోయడానికి అది పడే పాట్లను గీస్తే ముద్దుతనం దాని వెనకే నడిచి వస్తుంది. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీని వివరమే.

అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో తల దాదాపు నాలుగో వంతు ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఏడో వంతో, ఎనిమిదో వంతో అవుతుంది. ఈ లెక్క మీ అందరికీ తెలుసు. అయితే దీనిని రూపానికి సంబంధించిన కొలతగా గుర్తుపెట్టుకుని, కదలికకు మూలకారణం కూడా ఇదేనన్న సంగతిని మనం మరచిపోతుంటాం. తల పెద్దదై కాళ్లు పొట్టివైనప్పుడు, ఒంటి పొడవుతో పోల్చి చూస్తే గురుత్వకేంద్రం పెద్దవాళ్లకన్నా పైకి జరుగుతుంది. పరుగెత్తే పిల్ల ఆగాలనుకున్నప్పుడు పాదాలు ఆగుతాయి, తల ఆగదు. అది ముందుకు తూలుతుంది. దానిని అందుకోవడానికి పాదాలు మరో రెండు మూడు చిన్న అడుగులు వేయవలసి వస్తుంది. నేను గీసిన పిల్ల ఆగవలసిన చోట గీత గీసినట్టు ఆగిపోయింది.

ఇక టైమింగ్. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. పెద్దవాళ్ల మామూలు నడకలో అడుగుకు 12 ఫ్రేములు, చిన్నపిల్లల నడకలో 8 అని మొదటి పాఠాలలోనే నేర్పుతారు. ఎనిమిదే ఎందుకన్నది మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. ముందుకు ఊగే కాలు కొంతవరకు లోలకం వంటిది. లోలకం ఊగే సమయం దాని పొడవుకు కాక, పొడవు వర్గమూలానికి అనుగుణంగా మారుతుంది. కాబట్టి కాలి పొడవు సగమైతే ఊగే సమయం సగానికి తగ్గదు, 0.7 వంతుకు తగ్గుతుంది. పన్నెండులో 0.7 వంతు అంటే ఎనిమిదికి కాస్త ఎక్కువ. పాతతరం వాళ్లు కంటితో చూసి కట్టిన లెక్కకు, భౌతికశాస్త్రం చెప్పే లెక్కకు ఇంత పొత్తు కుదరడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అయితే కాలిలో కండరాలు కూడా పనిచేస్తాయి కనుక దీనిని శాసనంగా తీసుకోకండి.

గెంతు దగ్గర మాత్రం లెక్క ఇంకా కచ్చితంగా ఉంటుంది, ఎందుకంటే పాదాలు నేలను విడిచాక పిల్లలకైనా పెద్దలకైనా భూమ్యాకర్షణ ఒక్కటే. పది సెంటీమీటర్ల ఎత్తు ఎగిరిన పిల్ల గాలిలో ఉండేది సుమారు 7 ఫ్రేములు. 45 సెంటీమీటర్లు ఎగిరిన పెద్దమనిషి ఉండేది 14 లేదా 15. నేను నా పిల్లను 16 ఫ్రేములు గాలిలో నిలిపాను. అంతసేపు గాలిలో ఉండాలంటే అర మీటరుకు పైగా ఎగరాలి, కాని కాగితం మీద దాని పాదాలు లేచింది జానెడు కూడా లేదు. అది గెంతినట్టు కాక బుడగ తేలినట్టు కనిపించడంలో వింత లేదు. ఏడు ఫ్రేములను టూస్‌లో, అంటే ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు ఉంచి గీస్తే గాలిలోని భంగిమలకు దొరికేవి మూడో నాలుగో బొమ్మలు. అందుకే ఈ కాస్త భాగాన్ని వన్స్‌లో, అంటే ఫ్రేముకో బొమ్మ చొప్పున గీయమంటాను.

పిల్లల గెంతులోని సంతోషం ఎత్తులో ఉండదు, ఎగరక ముందూ దిగిన తరువాతా జరిగే తతంగంలో ఉంటుంది. మరీ చిన్నవాళ్లు మోకాళ్లు బాగా వంచి, చేతులు వెనక్కి విసిరి, ముఖమంతా బిగబట్టి పెద్ద ప్రయత్నం చేస్తారు; తీరా చూస్తే నేలను విడిచేది అంగుళమే. ఒక్కోసారి ఒక పాదం ముందు లేచి, రెండోది ఆలస్యంగా లేస్తుంది, దిగేటప్పుడూ అంతే. ప్రయత్నానికి ఫలితానికి మధ్య ఉన్న ఆ ఎడాన్ని గీయగలిగితే చూసేవాళ్ల పెదవుల మీద నవ్వు వస్తుంది. రెండు పాదాలనూ ఒకే ఫ్రేములో లేపి ఒకే ఫ్రేములో దించితే మళ్లీ ఆ పొట్టి పెద్దమనిషే వచ్చి నిలబడతాడు.

తప్పటడుగు అన్న మాట మన భాషలో ఎంత చక్కగా కుదిరిందో నడక నేర్చే పిల్లలను గంటసేపు గమనిస్తే తెలుస్తుంది. పిల్లల కదలికలను అధ్యయనం చేసే మనస్తత్వ శాస్త్రవేత్త కేరన్ అడాల్ఫ్, ఆమె సహ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 12 నుంచి 19 నెలల వయసు పిల్లలు స్వేచ్ఛగా ఆడుకుంటున్నప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేసి, 17 సార్లు పడ్డారు. అంటే పడడం కూడా వాళ్ల నడకలో భాగమే. కొత్తగా నడిచే పిల్లల పాదాలు ఎడంగా ఉంటాయి. మడమ ముందు ఆనదు, పాదమంతా ఒక్కసారి చదునుగా నేలకు తగులుతుంది. చేతులు భుజాల ఎత్తులో మోచేతుల దగ్గర వంగి ఉంటాయి. పెద్దవాళ్ల నడక సైకిల్‌లో, అంటే మళ్లీ మళ్లీ తిప్పి వాడుకునే అడుగుల బొమ్మల వరుసలో, మనకు అలవాటైన మడమ కాంటాక్ట్ భంగిమ ఇక్కడ పనికిరాదు. ఒక పాదం మీద నుంచి మరో పాదం మీదకు బరువు మారినప్పుడల్లా మొండెం పక్కకు ఒరుగుతుంది. పడినప్పుడు చాలాసార్లు కూలిపోవడం ఉండదు, చతికిలబడడమే. కిందికి పెద్ద దూరం లేదు కనుక అది కొద్ది ఫ్రేముల పని. ఆ తరువాత ఏడవాలా లేవాలా అని తేల్చుకునే ఒక చిన్న విరామం వస్తుంది. ఆ విరామాన్ని బిగించిన బొమ్మగా ఆపేయకుండా, పన్నెండు ఫ్రేముల మూవింగ్ హోల్డ్‌గా, అంటే కాస్త కదులుతూనే నిలిచే భంగిమగా ఉంచి, తల ఒక్కటే మెల్లగా స్థిరపడేలా గీయండి.

కాస్త పెద్ద పిల్లల స్కిప్ నాకు అన్నిటికన్నా ఇష్టమైన కదలిక. ఒక కాలితో అడుగు వేసి, అదే కాలి మీద చిన్నగా ఎగిరి, ఆ తరువాతే రెండో కాలికి మారడం ఇందులోని క్రమం. లయ దీర్ఘం, హ్రస్వం, దీర్ఘం, హ్రస్వం. రెండింటికీ సమానమైన ఫ్రేములిస్తే ఊపు చచ్చిపోయి కవాతు అవుతుంది. చాలామంది పిల్లలకు ఇది ఆరేళ్ల ప్రాంతంలో గాని పట్టుబడదు. అంతకు ముందు, ఎప్పుడూ ఒకే కాలు ముందుండే గుర్రపు గంతు వస్తుంది. మధ్య దశలో కొందరు ఒక వైపు స్కిప్ చేసి, రెండో వైపు ఊరకే నడుస్తారు. నాలుగున్నరేళ్ల పాత్రకు ఈ సగం స్కిప్‌ను ఇస్తే వయసును ప్రత్యేకంగా చెప్పవలసిన పని ఉండదు. సైకిల్‌ను రెండు వైపులా అద్దంలా తిప్పి వాడుకునే మన అలవాటు ఇక్కడ ఉపయోగపడదు, ఎడమ కుడి వేర్వేరుగా గీయాలి. శ్రమ రెట్టింపే, నేను కాదనను.

గమనించడం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. మన బల్ల మీద ఉండే అద్దం ముఖకవళికలకు మంచి గురువే, కాని పిల్లల గెంతుకు కాదు. మీరు లేచి ఎంత బాగా నటించినా మీ కాళ్ల పొడవే టైమింగ్‌ను నిర్ణయిస్తుంది. అమెరికన్ యానిమేటర్ మాక్స్ ఫ్లైషర్‌కు 1917లో పేటెంట్ లభించిన రోటోస్కోప్ పద్ధతిలో, తీసిన చిత్రం మీద కాగితం పెట్టి గీయవచ్చు. అందులో అంచులు దొరుకుతాయి గాని, బరువు ఏ పాదం మీద ఉందో మీరు తెలుసుకోకుండానే పని అయిపోతుంది. ఆడుకునే పిల్లలను ముందు పెన్సిల్ లేకుండా చూడండి, అడుగుల లయను వేలితో తొడ మీద తట్టండి, ఇంటికి వెళ్లాక జ్ఞాపకం నుంచి గీయండి. వీడియో తీయవలసి వస్తే తల్లిదండ్రులను అడిగే తీయండి.

పద్ధతి విషయంలో నా అభిప్రాయం కొందరు మిత్రులకు నచ్చదు. ముందు కీలన్నీ, అంటే కదలికలోని ముఖ్యమైన భంగిమల బొమ్మలన్నీ నిర్ణయించి తరువాత మధ్య బొమ్మలు నింపితే, మొదటి బొమ్మ నాటికే ఆ పాత్రకు తాను ఎక్కడికి చేరబోతోందో తెలిసినట్టు ఉంటుంది. ఆటలో ఉన్న పిల్లకు అది తెలియదు. నాలుగు అడుగులు వేశాక ఏదో కంటబడి దారి మారుతుంది. అలాగని మొదటి నుంచి వరుసగా గీసుకుంటూ పోతే తల పరిమాణం తెలియకుండానే పెరిగిపోతుంది. కాబట్టి పాదాలు నేలను తాకే బొమ్మలను మాత్రమే నేను ముందుగా స్థిరపరచుకుంటాను. చేతులు, తల, జుట్టు వరుసక్రమంలో, ముందు బొమ్మ ఏం చెబితే తరువాతి బొమ్మ అది వినేలా గీస్తాను.

ఆ పాత సన్నివేశాన్ని ఈ మధ్య మళ్లీ గీశాను. గెంతు ఏడు ఫ్రేములు. ఆగేటప్పుడు మూడు అదనపు అడుగులు. పిలకలు తల కన్నా రెండు ఫ్రేములు ఆలస్యం. రెండో గెంతులో ఎడమ పాదం ముందు దిగుతుంది. రెండు కట్టలనూ ఈ బల్ల మీద ఉంచాను. ముందు పాతదాన్ని, ఆ తరువాత కొత్తదాన్ని ఫ్లిప్ చేసి చూడండి. కొత్తదాంట్లో ఇంకా ఎక్కడైనా పెద్దమనిషి కనిపిస్తే ఆ కాగితం మూలన చిన్న గుర్తు పెట్టండి, సాయంత్రం వాటిని కలిసి సరిదిద్దుదాం.