మోటారు స్టార్టరు ఎవరింట్లో ఉంది?

అందరికీ నమస్కారం. ఇక్కడ కిరాయి ఇళ్లల్లో ఉంటున్నవాళ్లు ఎంతమంది? సరే సరే, చేతులు దించండి, ఓనర్లు కూడా వచ్చారు, చూస్తున్నారు.

నల్లగొండలో పానగల్లు రోడ్డు వైపు నేనో రెండు గదుల ఇంట్లో ఉండేవాణ్ని, కిరాయి నాలుగున్నర వేలు. బోరు మోటారు స్టార్టరు ఓనరు వంటింటి గోడకుండేది. కిరాయి వెయ్యి పెంచుతామంటే ‘రెండు నెలలు ఆగండి పెద్దమ్మా’ అన్నాను, తెల్లారి నుంచి మా ట్యాంకులోకి చుక్క నీళ్లు రాలేదు. మోటారు కాలిందన్నారు. వాళ్ల నల్లాలో మాత్రం వస్తూనే ఉన్నాయి. వారం రోజులు పక్కింటి నుంచి బిందెలు మోసి, ఎనిమిదో రోజు సామాను ట్రాలీ ఆటోకెక్కించాను.

తర్వాతెప్పుడో 1960 నాటి మన అద్దె నియంత్రణ చట్టం చదివాను. నీళ్లు, కరెంటు లాంటి వసతులు ఓనరు ఆపకూడదని 14వ సెక్షన్‌లో ఉంది. అరే, ఇంత ఉందా అని సంబరపడ్డాను. 32వ సెక్షన్ దాకా పోయేసరికి సంబరం దిగిపోయింది. 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా ఊళ్లలో 2,000 దాటిన కిరాయిలకు ఈ చట్టం వర్తించదు. మెడికల్ కాలేజీ, యూనివర్సిటీ వచ్చిన ఊళ్లో ఆ కిరాయికి ఇల్లెక్కడ దొరుకుతుంది చెప్పండి?

దొరికేది రేకుల రూమే. అందులో ఉండే హమాలీకి, పల్లె నుంచొచ్చి చదువుకునే పిల్లలకు ఈ చట్టం అండ ఉండొచ్చు, కానీ ఆ సంగతి వాళ్లకే తెలియదు. కిరాయి కట్టినప్పుడు రసీదు అడిగే హక్కుంది. ఖాళీ చేయించాలనే ఓనరు కిరాయి తీసుకోనంటే ఊరుకోవద్దు, ఎందుకంటే రేపు ‘వీడు కట్టలేదు’ అనేది ఆయనే. ఏ బ్యాంకులో వేయమంటారో పది రోజుల్లో చెప్పమని నోటీసివ్వండి, చెప్పకపోతే మనియార్డరు పంపండి, అదీ తిప్పి పంపితే ఈ చట్టం కింద కిరాయి తగాదాలు చూసే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయొచ్చు.

కిరాయి ఎక్కువై ఈ చట్టం వర్తించని మిగతావాళ్లకు అగ్రిమెంటు కాగితమే దిక్కు. అగ్రిమెంటు లేకుండా నెలనెలా కిరాయి మీద ఉన్న ఇంటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కిరాయి ముగించి ఖాళీ చేయమనడానికి పదిహేను రోజుల నోటీసు చాలు, అంతే. 2021లో కేంద్రం ఒప్పుకున్న నమూనా అద్దె చట్టంలో ఇంటికి అడ్వాన్సు రెండు నెలలు దాటొద్దని, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని ఉంది. బాగానే ఉంది గానీ అది నమూనా, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే ఇక్కడ నడుస్తుంది. కిరాయికున్నవాడు ఖాళీ చేయడేమోనన్న ఓనర్ల భయమూ ఉత్తదేం కాదు, కేసు పడితే ఏళ్లు పడుతుంది.

ఇప్పుడున్న ఇంటి అగ్రిమెంటులో ‘రోజుకు రెండు పూటలా నీళ్లు వదలాలి’ అని రాయించాను. ఓనరు చదివి నవ్వాడు, సంతకం పెట్టాడు. స్టార్టరు మాత్రం వాళ్ల వరండాలోనే ఉంది.