ఏ అడ్రసు మీద?

అందరికీ నమస్కారం. వానలో ఇంతదూరం వచ్చినందుకు సంతోషం. బ్రిటన్ ఎన్నికల పద్ధతి గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం కెటిల్ బాక్స్‌తో మొదలుపెడతాను.

మా ఇంటి దగ్గర ఒక ఫుడ్ బ్యాంక్ ఉంది. వీలైన శనివారాల్లో సరుకులు సర్దడానికి వెళ్తుంటాను. వచ్చేవాళ్లు డాక్టరో, స్కూలో, సలహా కేంద్రమో ఇచ్చిన చీటీ తెస్తారు. మేం మూడు రోజులకు సరిపడా డబ్బాలు, పాస్తా, పాలు ఇస్తాం. కొందరికి పొయ్యి ఉండదు, ఇంకొందరికి పొయ్యి ఉన్నా గ్యాస్, కరెంటు కోసం ముందే మీటర్లో వేయడానికి డబ్బుండదు. వాళ్లకిచ్చేది కెటిల్ బాక్స్: కప్పు నూడుల్స్, సూప్ పొడి, ఓట్స్ లాంటివి, అంటే వేణ్నీళ్లు పోస్తే చాలు తినగలిగేవి. ఒక్క ట్రస్సెల్ సంస్థ ఫుడ్ బ్యాంకులే 2023-24లో 31 లక్షలకు పైగా పార్సిళ్లు ఇచ్చాయి. ఆ ఏడాది ప్రభుత్వ లెక్క ప్రకారమే, ఇంటి అద్దె లాంటి ఖర్చు తీసేశాక పేదరికంలో ఉన్న పిల్లలు 45 లక్షలు. పదిమందిలో ముగ్గురన్నమాట.

2024 జూలైలో ఎన్నికలయ్యాక కెటిల్ బాక్స్ కోసం వచ్చిన ఒకాయన్ని మాటల్లో అడిగాను, ఓటేశారా అని. ‘ఏ అడ్రసు మీద?’ అన్నాడు. ఆరు నెలలు స్నేహితుడి సోఫా మీద, తర్వాత హాస్టల్లో, ఇప్పుడు ఇంకెక్కడో. ఇవాళ నేను చెప్పేదంతా ఆ మాట చుట్టూనే.

ఈ దేశంలో ఒకప్పుడు ఆయనకు చట్టప్రకారమే ఓటు ఉండేది కాదు. 19వ శతాబ్దంలో పూర్ లా అనే పేదల చట్టం కింద సాయం తీసుకున్న మనిషి పేరు ఓటర్ల జాబితాలో నిలిచేది కాదు. తిండికి చెయ్యి చాచావు కాబట్టి పాలనలో నీకు మాట లేదని దాని అర్థం. 1918 చట్టం ఆ నిషేధాన్ని తీసేసింది. మగవాళ్లందరికీ, 30 దాటిన చాలామంది ఆడవాళ్లకూ ఓటిచ్చిన చట్టం అదే కాబట్టి అందరూ ఆ సంగతే గుర్తుపెట్టుకున్నారు. ఈ చిన్న సెక్షన్ ఎవరికీ గుర్తులేదు.

మరి ఇప్పుడు నిషేధం లేదు కదా అంటారు. లేదు. కానీ ఓటుకు బరువు అందరికీ ఒకటి కాదు. ఇక్కడ ఒక్కో నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలుస్తారు, మిగతావాళ్లకు పడ్డ ఓట్లకు సీటు రాదు.

2024 ఫలితం చూడండి. లేబర్ పార్టీకి 33.7 శాతం ఓట్లు, 650 సీట్లలో 411. రిఫామ్ యూకే అనే పార్టీకి 14.3 శాతం ఓట్లు, 5 సీట్లు. లిబరల్ డెమొక్రాట్లకు అంతకంటే తక్కువ ఓట్లే, 12.2 శాతం, కానీ 72 సీట్లు. రిఫామ్ ఓట్లు దేశమంతా పల్చగా పరుచుకున్నాయి, లిబరల్స్ ఓట్లు కావలసినచోట కుప్పపోసినట్టున్నాయి. ఇది మనకు కొత్తేం కాదు, ఈ పద్ధతి ఇక్కడి నుంచే మన దగ్గరికి వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 39 శాతం ఓట్లు వచ్చిన పార్టీకి 175లో 11 సీట్లు మిగిలాయి. ఐదేళ్ల ముందు అదే పార్టీకి 50 శాతం ఓట్లతో 151 వచ్చాయి. అప్పుడు పద్ధతి బాగుందన్నవాళ్లు ఇప్పుడు ఏమంటున్నారో మీకు తెలుసు.

పేదరికానికీ దీనికీ సంబంధం ఏమిటి? లివర్‌పూల్ వాల్టన్ దేశంలో బాగా పేద నియోజకవర్గాల్లో ఒకటి. 2017లో అక్కడ లేబర్‌కు 85 శాతం దాటి ఓట్లొచ్చాయి. అలాంటిచోట లేబర్ భయపడక్కర్లేదు, కన్జర్వేటివ్‌లు ఆశపడక్కర్లేదు. ప్రచారం బస్సు ఆగదు. డబ్బు, మనుషులు, వాగ్దానాలు అన్నీ అటూఇటూ ఊగే సీట్లకే పోతాయి.

దీనికి ఉదాహరణ కావాలంటే రెండు నిర్ణయాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌లో మూడో బిడ్డకు, ఆ తర్వాత పుట్టినవాళ్లకు సాయం లేదన్న నియమం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఒక్కో బిడ్డకు ఏడాదికి దాదాపు 3,450 పౌండ్ల నష్టం. లేబర్ గెలిచిన మొదటి నెలలోనే దాన్ని ఎత్తేయమని ఓటేసిన సొంత ఎంపీలు ఏడుగురిని పార్టీ సస్పెండ్ చేసింది. చివరికి 2025 నవంబర్ బడ్జెట్‌లో, 2026 ఏప్రిల్ నుంచి ఎత్తేస్తామని ప్రకటించారు. అంటే తొమ్మిదేళ్లు. రెండోది, ముసలివాళ్లకు చలికాలం ఇంధనం కోసం ఇచ్చే డబ్బు. 2024 జూలైలో చాలామందికి కోత పెడతామన్నారు. గడప గడపకూ తిరిగిన కార్యకర్తలకు తిట్లు పడ్డాయి. 2025 మేలో స్థానిక ఎన్నికల్లో దెబ్బ తగిలింది. జూన్‌లో కోత చాలావరకు వెనక్కి తీసుకున్నారు. అంటే పదకొండు నెలలు.

ముసలివాళ్లకు ఇవ్వొద్దని నేను అనడం లేదు, మా అత్తగారు వింటే ఊరుకోరు. కానీ ముసలివాళ్లు తప్పకుండా ఓటేస్తారు, ఎక్కువమందికి సొంతిళ్లు, ఏళ్ల తరబడి అదే అడ్రసు. ముగ్గురు పిల్లలతో అద్దె ఇళ్లు మారే తల్లి పేరు చాలాసార్లు జాబితాలోనే ఉండదు. దానికి తోడు 2023 నుంచి ఓటేయడానికి ఫొటో గుర్తింపు కార్డు అడుగుతున్నారు. పెద్దవాళ్ల బస్ పాస్ చెల్లుతుంది, కుర్రాళ్ల రైల్ కార్డు చెల్లదు. ఇది ఎవరికి తోచిందో గానీ!

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నియోజకవర్గాల హద్దులు గీసేది జనాభా లెక్కతో కాదు, నమోదైన ఓటర్ల లెక్కతో. అద్దె ఇళ్లు కిక్కిరిసిన పేటలో వెయ్యిమంది పేర్లు జాబితాలో లేకపోతే, వాళ్లు ఓటు పోగొట్టుకోవడమే కాదు, హద్దులు గీసేవాడి కంటికి అక్కడ మనుషులే లేనట్టు. అలాంటిచోట ఒక ఎంపీ నెత్తిన ఎక్కువమంది జనం పడతారు.

మరి పద్ధతి మార్చరేం? గెలిచినవాడు కూర్చున్న కొమ్మ నరుక్కుంటాడా? 1997లో లేబర్, పద్ధతి మార్చాలా వద్దా అని జనాన్నే ఓటేయమని అడిగే రెఫరెండం పెడతామని మేనిఫెస్టోలో రాసింది. ఆ ప్రభుత్వం వేసిన జెంకిన్స్ కమిషన్ 1998లో కొత్త పద్ధతి సూచిస్తూ నివేదిక ఇచ్చింది. నివేదిక అటకెక్కింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. 2011లో రెఫరెండం నిజంగానే పెట్టారు, కానీ అడిగింది ఓట్ల శాతానికి తగ్గట్టు సీట్లిచ్చే దామాషా పద్ధతి గురించి కాదు, ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరస ఇచ్చే పద్ధతి గురించి. 68 శాతం వద్దన్నారు. దాన్ని చూపించి ‘జనం తేల్చేశారు’ అంటున్నారు.

స్కాట్లాండ్ పార్లమెంటుకు 1999 నుంచి సగం దామాషా లాంటి పద్ధతి ఉంది. అక్కడ ఒక పార్టీ ఒంటరిగా నెగ్గడం అరుదు, పక్కవాళ్లతో బేరం తప్పదు. పేద కుటుంబాల పిల్లలకు వారానికి 10 పౌండ్లిచ్చే స్కాటిష్ చైల్డ్ పేమెంట్ 2021లో మొదలైంది, 2022 చివరికి 25 అయింది. పద్ధతి వల్లే వచ్చిందని ఒట్టు పెట్టి చెప్పలేను. లండన్‌లో మాత్రం రాలేదు.

నన్ను ఇరుకున పెట్టే ఉదాహరణ కూడా నేనే చెప్తాను. ఎసెక్స్ తీరంలో జేవిక్ అనే ఊరుంది. 2010, 2015, 2019 ప్రభుత్వ సూచీలు మూడింటిలోనూ ఇంగ్లండ్‌లో అన్నిటికంటే వెనకబడిన పేట అదే. అది క్లాక్టన్ నియోజకవర్గంలో ఉంది. అక్కడ జనం కన్జర్వేటివ్‌ను చూశారు, యూరోపియన్ యూనియన్ వదలాలన్న యూకిప్ పార్టీని చూశారు, మళ్లీ కన్జర్వేటివ్, 2024లో రిఫామ్ నాయకుడు నైజెల్ ఫరాజ్‌ను. సీటు ఊగుతూనే ఉంది, ఊరు బాగుపడలేదు. కాబట్టి దామాషా వస్తే కెటిల్ బాక్సులు మాయమవుతాయని నేను చెప్పను. నేను అడిగేది అంతకంటే చిన్నది: ఆ ఊరివాళ్ల కష్టాన్ని ఖాతరు చేయకపోతే సీట్లు పోతాయన్న టెన్షన్ ప్రతి పార్టీకీ ఉండాలి, ప్రతిచోటా ఉండాలి.

మనవాళ్లకు ఒక మాట. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో, స్టూడెంట్ వీసా మీద ఉన్నా సరే, ఇక్కడ నివాసం ఉంటే కామన్వెల్త్ పౌరులుగా మీకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. ఈ హాల్లో ఎంతమంది నమోదు చేసుకున్నారో చేతులెత్తమని అడగను, ఇబ్బంది పడతారు.

ఆయన సంగతి చెప్పి ముగిస్తాను. స్థిరమైన ఇల్లు లేనివాళ్లు కూడా, ఎక్కువ కాలం గడిపే చోటు ఏదో రాసిచ్చి నమోదు చేసుకోవచ్చు, దానికి వేరే ఫారం ఉంది. అది నాకూ అంతకుముందు తెలియదు. ఇంటికెళ్లి వెతికి, ప్రింట్ తీసి, రెండు వారాల తర్వాత ఆయనకిచ్చాను. ఫుడ్ బ్యాంక్ అడ్రసు రాయొచ్చా అని అడిగాడు. రాయండన్నాను. పెన్ను లేదన్నాడు, నా పెన్ను ఇచ్చాను.