హీలియోస్ 44-2 లెన్సు మిర్రర్‌లెస్ కెమెరా మీద: మసక ఎందుకొస్తుంది?

(తెర మీద: సోనీ ఏ7 బాడీ, హీలియోస్ 44-2 లెన్సు, రెంటి మధ్య అడాప్టర్)

సోవియట్ కాలపు జెనిట్ ఫిల్మ్ కెమెరాలతో వచ్చిన లెన్సు ఇది. ఫోకల్ లెంగ్త్ 58 మిల్లీమీటర్లు, ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిస్తే ఎఫ్2. మోటారు లేదు, చిప్ లేదు. ఫొటో మసగ్గా వస్తే చాలామంది ముందు ఈ లెన్సునే తిడతారు. తప్పు చాలాసార్లు అడాప్టర్‌లోనో, కెమెరా సెట్టింగుల్లోనో ఉంటుంది.

(గ్రాఫిక్: మౌంట్, అంటే లెన్సు బిగించే చోటు, నుంచి సెన్సర్ దాకా గీత)

ఈ లెన్సుది ఎం42 మర, అంటే 42 మిల్లీమీటర్ల స్క్రూ బిగింపు. అలాంటి లెన్సు సెన్సర్‌కి 45.46 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి. సోనీ ఇ మౌంట్‌లో ఉన్న దూరం 18. మిగతా 27.46 మిల్లీమీటర్లని అడాప్టర్ భర్తీ చేస్తుంది. అది గాజు లేని లోహపు గొట్టం, అంతే. నికాన్ ఎఫ్ మౌంట్ ఉన్న డీఎస్ఎల్ఆర్‌లో ఆ దూరం 46.5. అడాప్టర్ పెట్టకముందే మిల్లీమీటరు పైన ఎక్కువైపోయింది, కాబట్టి దూరపు కొండలు ఎంత తిప్పినా ఫోకస్‌లోకి రావు. గాజు బిళ్ల ఉన్న అడాప్టర్లు దొరుకుతాయి కానీ, చవకరకం గాజు పదునుని తినేస్తుంది. వాటిని మేం సిఫారసు చెయ్యం.

(క్లోజప్: టార్చి వెలుగులో లెన్సు లోపలి భాగం)

కొనేముందు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి ఏటవాలుగా వేసి చూడండి. సన్నటి పోగులు అల్లుకుని కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. తుడిచినా కోటింగ్ మీద మచ్చ మిగలొచ్చు. లోపల పలచటి పొగలా ఉంటే కాంట్రాస్ట్ పడిపోతుంది. నాలుగు దుమ్ము రేణువులున్నాయని మాత్రం బేరం వదులుకోకండి, ఫొటోలో అవి కనిపించవు. ఎపర్చర్‌ని మూసే బ్లేడ్ల మీద నూనె మరకలున్నా 44-2లో పెద్ద ఇబ్బంది లేదు, ఎందుకంటే బ్లేడ్లని మూసేది మీ చెయ్యే. 44ఎం లాంటి ఆటో లెన్సుల్లో ఆ పని స్ప్రింగుది. నూనె పట్టిన బ్లేడ్లు అతుక్కుని నెమ్మదిగా కదులుతాయి.

(చేతులు: లెన్సుని అడాప్టర్‌లోకి తిప్పుతూ)

మర వంకరగా ఎక్కకుండా నిదానంగా తిప్పండి. పూర్తిగా బిగిశాక దూరం అంకెలు పక్కకి ఉండిపోతే బలవంతం చెయ్యొద్దు. చాలా అడాప్టర్ల అంచున చిన్న స్క్రూలుంటాయి. వాటిని వదులు చేసి, లోపలి రింగ్‌ని తిప్పి, మళ్లీ బిగించాలి.

ఇప్పుడు చందమామ వైపో, దూరపు సెల్ టవర్ వైపో గురిపెట్టండి. రింగ్ చివరిదాకా తిప్పినా స్పష్టత రాకముందే ఆగిపోతే అడాప్టర్ మందం ఎక్కువైనట్టు, లేదా లెన్సుని ఎవరో విప్పి సరిగ్గా బిగించనట్టు. స్పష్టత వచ్చి, ఆ తర్వాత మళ్లీ మసకబారితే దిగులక్కర్లేదు. కావాలనే కాస్త పలచగా చేస్తారు అడాప్టర్లని. అలాంటి దానితో రింగ్‌ని చివర్న వదిలేయకుండా కొంచెం వెనక్కి తిప్పుకోవాలి.

(తెర మీద: కెమెరా మెనూ)

చిప్ లేని ఈ లెన్సుని కెమెరా గుర్తించదు కాబట్టి, లెన్సు లేకుండా షట్టర్ పడే సెట్టింగ్‌ని ఆన్ చేయండి, లేకపోతే బటన్ నొక్కినా కొన్ని బాడీలు కదలవు. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సవరించే ఏర్పాటు) ఉంటే ఫోకల్ లెంగ్త్‌ని చేత్తో 58 అనో, మెనూలో దానికి దగ్గరున్న అంకో ఇవ్వండి. ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది) అయినా 1.5తో హెచ్చించకూడదు. తప్పు అంకె ఇస్తే ఆ సవరణే ఫొటోని కదిలించేస్తుంది. ఆటో ఐఎస్ఓ (వెలుతురుని బట్టి సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే మార్చడం) వాడితే కనీస షట్టర్ వేగం 1/125 పెట్టుకోండి.

(క్లోజప్: రెండు ఎపర్చర్ రింగులు)

టక్కుమనే రింగ్‌తో కావలసిన ఎపర్చర్ ఎంచుకోవాలి, నున్నగా తిరిగే రింగ్‌తో తెరిచి మూయాలి. ఎఫ్2 దగ్గర తెరిచి ఫోకస్ చేసి, ఎంచుకున్న అంకె దాకా మూసి, క్లిక్ కొట్టండి. మొదటి రింగ్‌ని 16 దగ్గర ఉంచితే రెండోది మధ్యలో ఎక్కడా ఆగకుండా తిరుగుతుంది. వీడియోకి ఇది చాలా బాగుంటుంది.

ఫోకస్ పీకింగ్‌ని, అంటే ఫోకస్‌లో ఉన్న అంచులకి కెమెరా తెర మీద వేసే రంగుని, ఎఫ్2 దగ్గర నమ్మొద్దు. కనురెప్పలకీ చెవికీ ఒకేసారి రంగు చూపిస్తుంది. కంటి మీద మాగ్నిఫై చేసి చూశాకే తీయండి.

ఎదురు వెలుతురులో ఫొటో తెల్లగా పాలిపోతే లెన్సు ముందున్న 49 మిల్లీమీటర్ల మరకి సరిపోయే హుడ్ పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే అడాప్టర్ లోపల చూడండి. గోడ మెరుస్తుంటే నిగనిగలాడని నల్ల ఫెల్ట్ అంటించండి.

ఇక ఈ లెన్సుకి పేరు తెచ్చిన సుడి, అంటే వెనకున్న మసక గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపించడం. మనిషి మీటరున్నర దూరంలో, వెనక ఇంకా దూరంగా వెలుతురు చిమ్మే ఆకులు ఉండాలి, ఎపర్చర్ ఎఫ్2లోనే ఉండాలి. సుడి అంచుల్లోనే పుడుతుంది. ఏపీఎస్-సీ ఆ అంచుల్ని కోసేస్తుంది కాబట్టి, సుడి కోసమే కొనేవాళ్లు ఫుల్‌ఫ్రేమ్ బాడీ ఉంటేనే కొనండి.