గ్యాంగ్‌స్టర్ నవలకు గ్రంథాలయంలో చోటుందా? – బల్లార్షా స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. పాత బొంబాయి స్మగ్లర్ల మీద వచ్చిన నవలలు ఇకమీదట కొనేది లేదని మన ప్రాంతంలో ఒక గ్రంథాలయం తీర్మానించింది. పిల్లలు చెడిపోతారట. చర్చలో అందరికీ సమాన సమయం. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

ఉపాధ్యాయిని: నవలే వద్దని నేననడం లేదు. స్మగ్లర్‌ను దేవుణ్ణి చెయ్యొద్దంటున్నాను. తెల్లబట్టలు, తెల్లకారు, పేదలకు దానాలు...

విమర్శకుడు: మేడమ్, తెల్లబట్టలతోని సినిమా అయితది, నవల గాదు. నవల లెక్కతోని అయితది. పది తులాల బంగారు బిస్కెట్ బరువెంత? ఇప్పటి పది గ్రాముల తులం గాదు, పాత తులం. 116.64 గ్రాములు. లోపలేసుకునే జాకెట్‌ల అసొంటియి వంద కుడితే పదకొండున్నర కిలోలు దాటుతది. గది మోసెటోడు కుర్చీలకెల్లి ఎట్ల లేస్తడు? మంచి రచయిత ‘వాడు భయపడ్డాడు’ అని రాయడు. లేసేటప్పుడు బల్లకు చెయ్యి ఊతం పెట్టిండని రాస్తడు. కస్టమ్సోని కన్ను గా చెయ్యి మీద పడ్తది. గదీ పనితనం.

ఉపాధ్యాయిని: ఆ చెయ్యి చూసే కదా పాఠకుడికి వాడి మీద జాలి పుట్టేది! నేనడిగేది అదే...

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం మేడమ్. మన సంగతికొద్దాం. పక్క జిల్లా గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం. మన చంద్రపూర్ జిల్లాలో 2015లో పెట్టారు, 2021లో ఎత్తేశారు. మన దొంగసారా మీద ఇలాంటి నవల ఎందుకు రాలేదు?

న్యాయవాది: అది తర్వాత. ఈ నవలల్లో ఎక్కువగా తప్పేది కోర్టు సీను. 1975లో కథ నడుస్తుంటే, పోలీసుల ముందు ఒప్పుకున్నాడు కాబట్టి శిక్ష పడిందని రాసేస్తారు. అప్పుడు అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పుకోలు చెల్లదు. ఎస్పీ స్థాయి అధికారి ముందు ఇచ్చినది చెల్లడం 1987లో టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టంతో వచ్చింది, మహారాష్ట్రలో 1999 నాటి ‘మోకా’ అనే వ్యవస్థీకృత నేరాల చట్టంలో మళ్లీ పెట్టారు. అంతకుముందు పోలీసులకు దిక్కు 27వ సెక్షన్. నిందితుడు చెప్పిన చోట సొత్తు దొరికితే, ఆ మేరకే వాడి మాట పనికొస్తుంది. కాబట్టి పంచనామా...

విమర్శకుడు: పంచనామాల సాక్షి సంతకం! కథ గాడ తిరగాలె. నేను గదే అంటున్న. నోట్ల సంగతి సూడుండ్రి. 1978 జనవరిల వెయ్యి, ఐదువేలు, పదివేల నోట్లు రద్దయినయి. ఐదొందల నోటు 1987ల గాని రాలే. అంటే 1982ల పెద్దనోటు వందే. పది లక్షలంటే వంద కట్టలు. కోటు జేబుల పట్టయి. సంచి గావాలె. సంచికి మోసెటోడు గావాలె. మోసెటోడు నమ్మకస్తుడు గావాలె. గాడ పుడ్తది ద్రోహం! 1982ల హీరో జేబులకెల్లి ఐదొందల కట్ట తీస్తే తప్పు తేదీల ఒక్కదాంట్లనే గాదు, కథే పోయింది.

న్యాయవాది: ‘ముంబై’ అని కూడా రాస్తారు. పేరు మారింది 1995లో.

ఉపాధ్యాయిని: మరాఠీవాళ్లు ఎప్పటినుంచో ముంబై అనే అన్నారండీ. మరాఠీ పాత్ర నోట ముంబై తప్పు కాదు, ఇంగ్లీషు పత్రిక శీర్షికలో తప్పు.

విమర్శకుడు: (నవ్వు) గిది ఒప్పుకుంట.

ఉపాధ్యాయిని: అయితే ఇదీ వినండి. 1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది. వాళ్లలో మన తెలుగు నేతపనివాళ్లూ ఉన్నారు. బొంబాయిలోని కామాఠీపుర పేటకు ఆ పేరొచ్చిందే తెలుగు కూలీల వల్ల. బంగారం గ్రాముల్లో తూచే రచయిత జీతం ఆగిన ఇంట్లో బియ్యం ఎందుకు తూచడు? నా అభ్యంతరం...

వ్యాఖ్యాత: బాగా చెప్పారు. అలాగే దొంగసారా వల్ల మన ఇళ్లలో...

విమర్శకుడు: ఆగుండ్రి సార్! బియ్యం తూస్తే గది ఇంకో నవల.

ఉపాధ్యాయిని: ఎందుకవుతుంది? వాడి దగ్గర చేరిన కుర్రాళ్లు ఆకాశంలోంచి ఊడిపడ్డారా?

విమర్శకుడు: అది గాదు మేడమ్, మట్కా తీసుకోండ్రి, గా అంకెల జూదం. ముందుగాల న్యూయార్క్ పత్తి ధరల మీద పందెం. 1961ల గది బందయింది. తర్వాత చీట్లు, పేకముక్కలు. ఒక్క అంకె మీద రూపాయికి తొమ్మిది ఇస్తరు. పది అంకెలుంటయి. రూపాయికి పది పైసలు ఆడిపిచ్చెటోనికి మిగులుతది. తుపాకీ లేకుండనే...

ఉపాధ్యాయిని: ఆ పది పైసలు మిల్లు కార్మికుడివే కదా!

వ్యాఖ్యాత: సమయం అయిపోవచ్చింది. గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి ప్రాణహిత నది దాటితే తెలంగాణే, అక్కడ మద్యం దుకాణం తెరిచే ఉంటుంది. ఈ నవల ఎవరు రాస్తారు?

న్యాయవాది: ముందు గ్రంథాలయం కొంటుందా, చెప్పండి.

వ్యాఖ్యాత: దాని మీద మరోసారి. మేడమ్, పది సెకన్లు.

ఉపాధ్యాయిని: నిషేధం నేనడగలేదు. అసలు నేనడిగింది...

విమర్శకుడు: జోడీ లెక్క చెప్పలే సార్! రెండు అంకెలు కలిస్తే రూపాయికి తొంభై...

(ప్రసారం ముగిసింది)