ఆ ఆకు ఇలా అందించండి
(శ్రమకాల బుధవారపు కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజపు అక్కచెల్లెళ్లకు, మీ అందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు. శ్రమకాలపు ఉపవాసం గురించి మాట్లాడమని నాకు అప్పగించారు. భస్మ బుధవారం మొదలుకొని ఈస్టరు దాకా, ఆదివారాలు మినహాయిస్తే, నలభై దినాలని సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు కనుక ఆ లెక్క దగ్గర ఆగను. 1997 నాటి శ్రమకాలం ఒక్కటే నేను చెప్పదలచుకున్నది.

అంతకు మూడు నెలల ముందు, 1996 నవంబరు 6 రాత్రి, తుపాను మన కోనసీమ మీద విరుచుకుపడింది. కోతకు వచ్చిన సార్వా వరి చేలు నీళ్లపాలయ్యాయి; తరతరాలుగా మనకు అన్నం పెట్టిన కొబ్బరి చెట్లు, కొన్ని తలలు విరిగి, కొన్ని వేళ్లతో సహా లేచి, తోటలకు తోటలే నేలకొరిగాయి; బలుసుతిప్ప, భైరవపాలెం వైపు చేపల వేటకు వెళ్లిన మనుషులు ఎందరో తిరిగి రాలేదు. మా ఇంట్లో గోడ కూలి మా మామగారు పోయారు.

ఆయన సమాధి మీద మట్టి ఇంకా ఆరనే లేదు, బయటి ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఇదంతా మన పాపాలకు దేవుడు వేసిన శిక్ష అని మైకులో చెప్పారు. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు ముల్లులాగే ఉంది. లూకా సువార్త 13వ అధ్యాయం తీసి చూడండి. సిలోయములోని గోపురం మీదపడి చనిపోయిన పద్దెనిమిది మంది యెరూషలేములో ఉన్నవారందరికంటే అపరాధులని తలంచుచున్నారా అని అడిగినది ప్రభువే, కాదని చెప్పినది ప్రభువే. గోడ కింద పడి పోయినవారి గురించి ఆయన అంత స్పష్టంగా చెప్పిన తరువాత, మా మామగారి గురించి వేరొక మాట చెప్పే అధికారం ఎవరికి ఉంది? మీరే చెప్పండి.

ఆనాటి నుంచి నాకు ప్రార్థన రాలేదు. గుడికి వెళ్లేదాన్ని, పెదవులు కదిపేదాన్ని, బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. టీచరమ్మ విశ్వాసం సడలిందని నలుగురికీ తెలిస్తే పరువు ఏమవుతుందని భయపడి ఎవరికీ చెప్పుకోలేదు.

ఫిబ్రవరిలో శ్రమకాలం వచ్చింది. అప్పటి మా పాస్టరు గారు బుధవారపు కూటాలు గుడిలో పెట్టలేదు. గుడికే పెంకులు లేవు. ఒక్కో బుధవారం కప్పు లేని ఒక్కో ఇంటికి అందరమూ వెళ్లాలని, ముందు ఆ ఇంటి కప్పుకు కొబ్బరాకు అల్లాలని, తరువాతనే ప్రార్థన అని నిర్ణయించారు. పడిపోయిన చెట్ల మట్టలను నడిమికి చీల్చి, కాలవలో నానబెట్టి, మెత్తబడ్డాక నేల మీద పరచి, ఒక ఆకు పైకి, ఒక ఆకు కిందికి వేస్తూ అల్లాలి. నానిన కొబ్బరాకు వాసన రెండు రోజులైనా చేతులను వదలదు. 1836లో ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చి, ఈ డెల్టాకు సువార్త తెచ్చిన మిషనరీల్లో విలియం బౌడెన్ రాతిపని, జార్జ్ బీర్ చెప్పుల పని తెలిసినవారు. చేతిపని దగ్గర దేవుడు మాట్లాడడం మనకు కొత్త కాదని అందుకే అంటున్నాను.

నాలుగో బుధవారం మా వంతు. నా పక్కన కూర్చున్నామె భర్త వేటకు వెళ్లి రానివారిలో ఒకరు. దేహం దొరకలేదు కనుక ఆమెకు సమాధి కూడా లేదు. అందరూ మోకరించారు, నేను అల్లుతూనే ఉన్నాను. ఆమె కూడా చేయి ఆపలేదు. ఏమనిపించిందో, “నాకు ప్రార్థన రావడం లేదమ్మా” అన్నాను. ఆమె తల ఎత్తకుండానే, “నాకూ రావడం లేదు టీచరమ్మ గారూ, ఆ ఆకు ఇలా అందించండి” అన్నది.

అందించాను. అంతే జరిగింది.

బైబిలులో, అన్నీ పోగొట్టుకొని శ్రమలో ఉన్న యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో కూడ నేలను కూర్చున్నంత కాలం మంచి స్నేహితులే, నోరు తెరిచాకనే చెడ్డారు. దేవుడు మనల్ని ఆదరించిన ఆదరణతోనే శ్రమలో ఉన్న ఇతరులను ఆదరించగలమని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆమె తనకు లేని ధైర్యమేదీ నాకు చెప్పలేదు. తన లేమినే నా పక్కన పెట్టింది.

ఈస్టరుకు ముందటి ఆదివారం, మట్టలు పట్టుకొని ప్రభువును కీర్తించే మట్టల ఆదివారం, ఆ ఏడు మార్చి 23న వచ్చింది. పచ్చమట్ట కోద్దామంటే మా తోటల్లో తల ఉన్న చెట్టు దొరకలేదు. అల్లగా మిగిలిన ఎండుటాకులే పట్టుకొని పిల్లలు హోసన్నా అన్నారు. నా గొంతు పెగిలినది అప్పుడే.

ఇక్కడ ఉపవాసపు ప్రయోజనాలు చెప్పాలని రాసుకొని వచ్చాను. వాటిని పక్కన పెడుతున్నాను. మన కాలవగట్టు మీద కౌలు చేసుకునే కుటుంబం ఒకటి ఉంది. పేరు చెప్పను, మీకు తెలుసు. ఆ ఇల్లాలు కువైట్ నుంచి జబ్బుతో తిరిగి వచ్చింది. రెండు నెలలుగా వాళ్లు గుడికి రావడం లేదని మనం చెప్పుకున్నామే గాని, నాతో సహా ఎవరమూ ఆ గడప తొక్కలేదు. పాస్టరు గారూ, వచ్చే బుధవారం కూటం అక్కడ పెట్టండి. మైకు వద్దు, ప్రసంగం వద్దు. ఆమె వండలేకపోతోందట, బియ్యం నేను తెస్తాను. కూర ఎవరు తెస్తారో ఇప్పుడే చేతులెత్తండి.